ఇంటి పుస్తకాలకు ఒక డేటాబేస్



ఫోన్లో నోట్సు రాసుకునే అలవాటు ఇప్పుడు అందరికీ వచ్చేసింది. పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ, డాక్టరుగారు మార్చిన మాత్ర పేరు, గ్యాస్ బుకింగు నంబరు, ఎవరో మాటల్లో చెప్పిన మంచి నవల పేరు, ఏది గుర్తొస్తే అది అందులో పడేస్తాం. పడేసేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది సంగతి. రాసిపెట్టుకున్నామని గుర్తుంటుంది, ఎక్కడ రాశామో గుర్తుండదు. ఏ మాటలతో రాశామో కూడా గుర్తుండదు కాబట్టి, వెతకడానికి ఏం టైపు చేయాలో తోచదు.

ఈ చిక్కు తీర్చడానికి కొన్ని యాప్‌లు డేటాబేస్ అనే సదుపాయం ఇస్తున్నాయి. ఆ మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. అదేదో బ్యాంకులవాళ్లకీ, రైల్వేవాళ్లకీ, మాదాపూర్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలకీ సంబంధించిన వ్యవహారం అనుకుంటారు. అంత భయం అక్కర్లేదు. అలాగని కాలక్షేపానికి నాలుగు గడులు గీసుకోవడమూ కాదు. పట్టిక గీయడం అయిదు నిమిషాల పని. గీయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అది తేల్చుకోకుండా దిగినవాళ్లే నెల తిరక్కుండా విసుగొచ్చి వదిలేస్తారు. ఈ పూట నా మాటలన్నీ దాని చుట్టూనే.

ఉదాహరణకు నోషన్ అనే యాప్‌ను తీసుకుంటాను. బాగా వాడకంలో ఉన్నది కాబట్టి తీసుకుంటున్నాను తప్ప ఇది దాని తరఫున ప్రకటన కాదు. ఎయిర్‌టేబుల్, కోడా లాంటివాటిలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. ఆబ్సిడియన్ అనే మరో నోట్సు యాప్ కూడా 2025లో బేసెస్ పేరుతో ఇలాంటి సదుపాయమే తెచ్చింది.

నోషన్ పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఐవన్ జావో, సైమన్ లాస్ట్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. మొదట చేసింది సరిగా నిలబడలేదు, చేతిలో డబ్బు అయిపోవచ్చింది. 2015లో ఉన్న కొద్దిమంది ఉద్యోగుల్నీ పంపించేసి, ఇద్దరూ జపాన్‌లోని క్యోటో నగరానికి వెళ్లి కూర్చుని, మొత్తం మళ్లీ మొదటినుంచీ రాశారు. 2016లో అది జనంలోకి వచ్చింది. అప్పటికి అది రాసుకునే పేజీల కట్ట మాత్రమే. పట్టికలు, డేటాబేస్‌లు చేరింది 2018 మార్చిలో వచ్చిన రెండో రూపంలో. జనం దాని వెంటపడటం ఆ తర్వాతే ఎక్కువైంది.

ఇక పనిలోకి దిగుదాం. మన తెలుగు ఇళ్లల్లో ఇంకా చాలా చోట్ల పుస్తకాల అల్మరా ఒకటుంటుంది. తాతగారు కొన్నవి, అమ్మ చదివినవి, విజయవాడలోనో హైదరాబాదులోనో పుస్తకాల పండగకు వెళ్లినప్పుడు మోసుకొచ్చినవి కలిపి మూడు నాలుగు వందలు ఉన్నాయనుకోండి. వాటికి ఒక డేటాబేస్ తయారుచేద్దాం.

ఫోన్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని, ఈ డేటాబేస్‌ను మీరు ఏం అడగబోతున్నారో రాయండి. రావిశాస్త్రివి మన దగ్గర ఏమేం ఉన్నాయి, ఎక్కడున్నాయి? కొని చదవకుండా పెట్టినవి ఏవి? ఫలానా పుస్తకం ఎవరు పట్టుకెళ్లారు? నాకు తెలిసి ఇంటి పుస్తకాల విషయంలో మనుషులు నిజంగా అడిగే ప్రశ్నలు ఈ మూడే. ధర ఎంత, ఎన్ని పేజీలు, బైండు రకం ఏమిటి అని ఎవరూ అడగరు. ఎవరూ అడగని దానికి కాలమ్ ఎందుకు? ఒక్క కాలమ్ చేర్చడమంటే ఒక్క నొక్కు నొక్కడమే అనిపిస్తుంది గానీ, మూడు వందల పుస్తకాలుంటే అది మూడు వందల గడులు నింపే పని. మొదటి రోజు ఉత్సాహంలో పదిహేను కాలమ్‌లు పెట్టి, నలభయ్యో పుస్తకం దగ్గర చతికిలపడటం మామూలే.

ప్రశ్నలు అయ్యాక ఇందాక చెప్పిన తేల్చుకోవాల్సిన విషయం. మీ పట్టికలో ఒక్క వరుస అంటే ఏమిటి? పుస్తకాల పట్టిక కాబట్టి ఒక వరుస అంటే ఒక పుస్తకం, ఇందులో తేల్చుకునేదేముంది అంటారేమో. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కాన్నే చూడండి. ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఈనాడు చదివేది, ఆడేది ఆ రెండోదే. మొదటి కూర్పు విడిగా ముద్రించినవీ దొరుకుతాయి. రెండూ మీ అల్మరాలో ఉంటే ఒక వరుసా, రెండు వరుసలా? రెండో కూర్పుకే రెండు ప్రతులున్నాయనుకోండి, ఒకటి మీరు కొన్నది, ఒకటి పెళ్లికి ఎవరో బహూకరించింది. అప్పుడో?

సాహిత్యం పరిశోధించేవారికి ఒక వరుస అంటే ఒక రచన. పాత ముద్రణలు సేకరించేవారికి ఒక వరుస అంటే ఒక ముద్రణ. ఇంట్లో అల్మరా ఉన్న మామూలు పాఠకుడికి ఒక వరుస అంటే చేత్తో పట్టుకోగలిగిన ఒక ప్రతి అని నా అభిప్రాయం. ఎందుకంటే ఇంట్లోంచి పోయేది రచన కాదు, ప్రతి. చెద తినేది కూడా దాన్నే. బంధువులు పట్టుకెళ్లేదీ దాన్నే. కాబట్టి మన పట్టికలో కన్యాశుల్కం మూడుసార్లు ఉంటుంది, ఉండాలి కూడా. ఆంధ్రమహాభారతం ఏడు సంపుటాలుగా ఉంటే ఏడు వరుసలు. ఈ నిర్ణయం మొదటే జరిగితే తర్వాత వచ్చే సందేహాల్లో సగం వాటంతటవే తీరిపోతాయి. జరగకపోతే కొన్ని వరుసలు రచనలకూ కొన్ని ప్రతులకూ అయిపోయి, ఎన్ని పుస్తకాలున్నాయన్న చిన్న లెక్క కూడా కుదరదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. కంప్యూటరైతే ఇంకా సుఖం. కొత్త పేజీ తెరిచి, ఏటవాలు గీత, అంటే స్లాష్ కొట్టి, టేబుల్ అని ఇంగ్లీషులో టైపు చేయండి. తెలుగు కీబోర్డు మీద ఉంటే ఒక్క క్షణం ఇంగ్లీషుకు మార్చుకోండి, ఈ ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉంటాయి. అప్పుడు ఇంచుమించు ఒకే పేరుతో రెండు రకాలు కనబడతాయి. ఒకటి ఉత్త టేబుల్, రెండోది టేబుల్ వ్యూ. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మొదటిది గీతలు గీసిన గడులు, అంతే. మనకు కావాల్సింది రెండోది. అది నొక్కితేనే డేటాబేస్ వస్తుంది. కాలమ్‌ల పేర్లు, లోపల రాసే వివరాలు అన్నీ శుభ్రంగా తెలుగులో పెట్టుకోవచ్చు.

ఎక్సెల్ వాడినవారికి ఇది పాత ముఖంలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే, కానీ పెద్దది. ఇందులో ప్రతి వరుసా దానంతట అదే ఒక పూర్తి పేజీ. పుస్తకం పేరు పక్కన ఓపెన్ అని కనిపించేది నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకుంటుంది. చదువుతూ నచ్చిన విషయాలు, అట్ట ఫోటో, ఎవరితోనో ఆ పుస్తకం మీద వచ్చిన వాదన, ఏమైనా అక్కడ రాసుకోవచ్చు. నోట్సు, పట్టిక వేరువేరు చోట్ల ఉండవు. ఫోటోల దగ్గర ఒక్క జాగ్రత్త. డబ్బు కట్టని ఖాతాలో ఒక్కో ఫైలు 5 ఎంబీకి మించకూడదు, ఇప్పటి ఫోన్లు తీసే ఫోటోలు ఆ గీత దాటిపోతుంటాయి. కాస్త కుదించి ఎక్కించండి.

మొదటి కాలమ్ పేరుది. దాన్ని తీసేయడానికి వీలుండదు. ఆ తర్వాత రచయిత, అల్మరాలో ఎక్కడుంది, చదివామా లేదా. ఈ నాలుగుతో మొదలుపెట్టండి. ప్రతి కాలమ్‌కూ ఒక రకం చెప్పాలి: మాటలా, అంకెలా, తేదీయా, ముందే రాసి పెట్టుకున్న జాబితాలోంచి ఒకటి ఎంచుకోవడమా, గుర్తు పెట్టే చిన్న గడియా. ఈ రకాలను ఎంచుకునేటప్పుడు తొందరపడకండి.

ప్రచురణ సంవత్సరం ఉంచుకోవాలనిపించిందనుకోండి. సంవత్సరం కదా అని తేదీ రకం పెడతారు. తేదీ రకం రోజు, నెల కూడా అడుగుతుంది. పాత పుస్తకం మీద ఉండేది 1953 అన్న అంకె మాత్రమే. అందుకని జనవరి 1 అని ఒక అబద్ధపు తేదీ వేస్తారు. అలా కాకుండా అంకె రకం పెట్టుకుంటే ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. ఇంకా పాత పుస్తకాల మీద ఆ అంకె కూడా ఉండకపోవచ్చు, సౌమ్య నామ సంవత్సరం అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేర్లవి. సౌమ్య అంటే 1909లో మొదలైనదీ కావచ్చు, 1969లో మొదలైనదీ కావచ్చు. కాగితం, అచ్చు చూసి తేల్చగలిగితే అంకె వేయండి. తేలకపోతే గడి ఖాళీగా ఉంచి, ఉన్న పేరు లోపలి పేజీలో రాయండి. ఖాళీ గడి ఏ హానీ చేయదు, ఊహించి వేసిన అంకె చేస్తుంది.

పుస్తకం వెనక బార్‌కోడ్ దగ్గర ఉండే ఐఎస్‌బీఎన్‌దీ ఇలాంటి తంటాయే. అంతా అంకెలే కదా అని అంకె రకం పెడతారు. 2007కు ముందు అది పది అక్షరాల సంఖ్య, చివర్లో ఒక్కోసారి ఎక్స్ అనే అక్షరం ఉంటుంది. అంకె రకం గడిలో ఎక్స్ ఇమడదు. మొదట్లో ఉన్న సున్నా కూడా ఎగిరిపోతుంది. దాంతో మనం కూడికలు, తీసివేతలు చేసేదేమీ లేదు కాబట్టి మాటల రకం పెట్టుకోవడమే మేలు. ఫోన్ నంబర్లకూ, పిన్‌కోడ్‌కూ ఇదే న్యాయం. అసలు మన పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్నే ఉండదు, అది వేరే సంగతి.

చదివామా లేదా అన్నదానికి స్టేటస్ అనే రకం ఉంది. చదవాలి, చదువుతున్నా, చదివేశా అని మూడు పెట్టుకుంటే చాలు. సగంలో ఆపేశా అని నాలుగోది పెట్టుకునే ధైర్యం ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చు. నిజాయితీపరులకు అదే పెద్ద జాబితా అవుతుంది.

అన్నిటికంటే చిక్కు తెచ్చేది రచయిత కాలమ్. మాటల రకం పెట్టి పేర్లు టైపు చేసుకుంటూ పోయారనుకోండి. ఒకచోట శ్రీశ్రీ అని కలిపి రాస్తారు, ఇంకోచోట శ్రీ శ్రీ అని విడదీసి రాస్తారు, మూడోచోట అట్ట మీద ఉన్నట్టే శ్రీరంగం శ్రీనివాసరావు అని రాస్తారు. మనకు ముగ్గురూ ఒకరే. యంత్రానికి ముగ్గురూ ముగ్గురే. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి కూడా అంతే. ఆరుద్ర, భాగవతుల సదాశివశంకర శాస్త్రి కూడా అంతే. కలం పేర్లు, ఇంటి పేర్లు, పొడి అక్షరాలు ఇన్ని రకాలుగా నడిచే భాషలో ఈ ఇబ్బంది ఇంగ్లీషువాళ్ల కంటే మనకే ఎక్కువ.

జాబితాలోంచి ఎంచుకునే రకం పెడితే కొంత నయం. ఒకసారి రాసిన పేరే మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి అక్షరాలు మారవు. చాలామందికి అక్కడితో సరిపోతుంది కూడా. సరిపోని సందర్భం ఒకటి చూడండి. ఆంధ్రమహాభారతానికి కవులు ముగ్గురు. నన్నయ ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత రాశాడు. తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించాడు. అరణ్యపర్వం ఉన్న సంపుటానికి రచయిత గడిలో ఇద్దరు కావాలి. అదే ఎర్రన వేరే గ్రంథాలు కూడా మీ అల్మరాలో ఉంటే, ఎర్రన దగ్గర అవన్నీ ఒక్కచోట కనపడాలి. ఒక పుస్తకానికి చాలామంది రచయితలు, ఒక రచయితకు చాలా పుస్తకాలు. బీనాదేవి సంగతి ఇంకా తమాషా. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులిద్దరూ కలిసి వాడిన కలం పేరు అది. అట్ట మీద ఒక్క పేరు, వెనక ఇద్దరు మనుషులు.

దీనికి విరుగుడు రచయితలకు వేరే పట్టిక పెట్టడం. అక్కడ ఒక వరుస అంటే ఒక రచయిత. వాడుక పేరు ఒక కాలమ్, అసలు పేరు ఒక కాలమ్. తర్వాత పుస్తకాల పట్టికలో రచయిత కాలమ్‌ను రిలేషన్ అనే రకానికి మార్చి, రచయితల పట్టికతో ముడి వేయాలి. ఇకమీదట రచయిత గడిలో పేరు టైపు చేయరు, ఆ రెండో పట్టికలోని మనిషిని చూపిస్తారు. అరణ్యపర్వం దగ్గర ఇద్దర్ని చూపిస్తారు. ముడి రెండువైపులా కనబడేట్టు పెట్టుకుంటే, ఎర్రన పేజీ తెరవగానే ఆయన పుస్తకాలన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. పేరులో అక్షరం తప్పుపడితే ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే.

ఒక సమాచారం ఒక్కచోటే ఉండాలి, మిగతా చోట్ల నుంచి దాన్ని చూపించాలి అన్న ఈ ఆలోచన నోషన్‌వాళ్లు కనిపెట్టింది కాదు. దీని వెనక ఎడ్గర్ కాడ్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడున్నాడు. అమెరికాలో ఐబీఎం సంస్థ శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేస్తూ 1970లో ఒక వ్యాసం అచ్చువేశాడు. సమాచారాన్ని పట్టికలుగా ఉంచాలి, అది యంత్రంలో ఏ మూల ఎలా దాగుందో వాడేవాడికి తెలియాల్సిన అవసరం ఉండకూడదు అన్నది అందులో సారం. బ్యాంకు ఖాతాలు, రైలు రిజర్వేషన్లు చూసే పెద్ద పెద్ద వ్యవస్థలు చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. 1981లో ఆయనకు కంప్యూటర్ రంగంలో అతి గొప్పదైన ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. మన ఇంటి అల్మరాకు వాడుకుంటున్నది కూడా అదే ఆలోచన.

ఇక వ్యూలు. పాత గ్రంథాలయాల్లో చిన్న చిన్న సొరుగులున్న బీరువా ఉండేది, మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఒక్క పుస్తకానికి మూడు కార్డులు రాసేవారు. రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయాన్ని బట్టి ఒకటి. మూడూ మూడు సొరుగుల్లో ఉండేవి. పుస్తకం చోటు మారిస్తే మూడు కార్డులూ దిద్దాలి. ఒకటి మరిచిపోతే పాఠకుడు తప్పు అల్మరాకు వెళ్తాడు. డేటాబేస్‌లో కార్డు ఒక్కటే, సొరుగులు మాత్రం ఎన్నైనా. వాటినే వ్యూలు అంటున్నారు. ఒక వ్యూలో పుస్తకాలు అకారాది క్రమంలో ఉంటాయి, ఇంకోదానిలో రచయితల వారీగా గుంపులు కడతాయి, మరోదానిలో అట్టల బొమ్మలతో గోడకు అతికించినట్టు కనపడతాయి. ఒక వ్యూ తీసేస్తే చూపు పోతుంది కానీ పుస్తకం పోదు. ఇది మనసులో గట్టిగా పెట్టుకుంటే సగం భయం తగ్గుతుంది.

గ్రంథాలయాల ప్రస్తావన వచ్చింది కాబట్టి రంగనాథన్‌గారిని తలుచుకోకుండా ఉండలేను. తమిళనాడులోని శీర్కాళి ఆయన స్వస్థలం. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. అప్పటికి చాలా గ్రంథాలయాలు 1876 నాటి డ్యూయీ పద్ధతిలో, ప్రతి పుస్తకానికీ ముందే రాసిపెట్టిన జాబితాలోంచి ఒక సంఖ్య వెతికి ఇచ్చేవి. ఒక పుస్తకాన్ని ఒక్క గదిలో ఎలా బంధిస్తాం అన్నది రంగనాథన్‌గారి అనుమానం. 1933లో ఆయన తెచ్చిన కోలన్ వర్గీకరణలో ప్రతి పుస్తకాన్నీ ఏ వస్తువు గురించి, ఏ పని గురించి, ఏ ప్రాంతం, ఏ కాలం అని విడివిడి కోణాల్లో చూసి, ఆ ముక్కలన్నీ కలిపి సంఖ్య కడతారు. ఇవాళ మనం ఒక పుస్తకానికి ప్రాంతం అని ఒక కాలమ్, కాలం అని ఒక కాలమ్, విషయం అని ఒక కాలమ్ పెట్టి, ఏ కోణం కావాలంటే ఆ కోణంలో వడకట్టి చూసుకుంటున్నాం. కంప్యూటర్లు లేని రోజుల్లో కార్డు ముక్కల మీద ఆ పని ఊహించిన మనిషి ఆయన. డేటాబేస్‌లు నేర్పేవారు కాడ్ పేరు చెప్తారు, రంగనాథన్ పేరు చెప్పరు. చెప్పాలి.

మూడో ప్రశ్న మిగిలిపోయింది. పుస్తకం ఎవరు పట్టుకెళ్లారు? సులువుగా చేయాలంటే పుస్తకాల పట్టికలో ఎవరి దగ్గరుంది అని ఒక కాలమ్ పెట్టొచ్చు. పుస్తకం వెనక్కి రాగానే ఆ పేరు చెరిపేస్తారు. చెరిపేశాక ఇదివరకు ఎవరు తీసుకున్నారు, ఎన్నాళ్లు ఉంచుకున్నారు అన్న ఆనవాలే ఉండదు. నలుగురికి పుస్తకాలిచ్చే అలవాటున్న ఇల్లయితే అరువులకు విడిగా ఒక పట్టిక పెట్టమంటాను. ఇక్కడ మళ్లీ అదే ప్రశ్న వేసుకోండి, ఒక్క వరుస అంటే ఏమిటి? ఈ పట్టికలో వరుస పుస్తకమూ కాదు, మనిషీ కాదు. ఒకసారి ఇవ్వడం. ఏ పుస్తకం, ఎవరికి, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. ఒకే పుస్తకం అయిదుగురికి ఇస్తే అయిదు వరుసలు.

ఇక ఫిల్టర్ దగ్గరికెళ్లి, తిరిగొచ్చిన తేదీ ఖాళీగా ఉన్నవి మాత్రమే చూపించు అని చెప్పండి. మెనూలో దాన్ని ఈజ్ ఎంప్టీ అంటారు. బయట ఉన్న పుస్తకాల జాబితా క్షణంలో సిద్ధం. ఇచ్చిన తేదీని బట్టి వరస పెడితే అందరికంటే ఎక్కువ కాలంగా ఉంచుకున్న పెద్దమనిషి అందరికంటే పైన ఉంటాడు. పండక్కి వాళ్లింటికి వెళ్లేముందు ఒకసారి చూసుకుని వెళ్లొచ్చు.

ఇక్కడే కొత్తవాళ్లు గాభరా పడే ఘట్టం కూడా ఉంది. పుస్తకం వెనక్కి వచ్చిందని తేదీ వేస్తారు. వేసిన మరుక్షణం ఆ వరుస కళ్లముందే మాయమవుతుంది. నేనేదో చెరిపేశాను అనుకుంటారు. ఏమీ చెరగలేదు. ఖాళీగా ఉన్నవే చూపించమన్నారు, ఇప్పుడది ఖాళీ కాదు, అందుకని ఆ వ్యూలోంచి తప్పుకుంది. ఫిల్టర్ లేని వ్యూకి వెళ్తే అక్కడ ఎప్పటిలాగే ఉంటుంది. నిజంగానే చెరిపేసినా ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, తెచ్చుకోవచ్చు.

రోలప్ అని ఇంకొకటి కనిపిస్తుంది. ముడి వేసిన పట్టికలోంచి లెక్కలు తెచ్చిపెట్టేది అది. ఏ రచయితవి ఎన్ని పుస్తకాలున్నాయో రచయితల పట్టికలో అంకె వేసి చూపిస్తుంది. ఫార్ములాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ మూడు నెలల తర్వాత చూసుకోవచ్చు, తొందరేమీ లేదు.

తయారుగా ఉన్న టెంప్లేట్ల జోలికి మాత్రం మొదట్లో పోకండి. యూట్యూబ్‌లో వీటి మీద వీడియోలు చేసేవారున్నారు, టెంప్లేట్లు అమ్మేవారూ ఉన్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో ఒక్క వరుస అంటే ఏమిటో మీకోసం ఇంకెవరో నిర్ణయించేసి ఉంటారు. ఆ నిర్ణయం మీ ఇంటికి సరిపడాలని ఎక్కడా లేదు. పుస్తకాలు చదవడం మానేసి పుస్తకాల పట్టికకు రంగులద్దుతూ సాయంత్రాలు గడిపేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పట్టికే అక్కర్లేని పనులు కూడా బోలెడున్నాయి. రేపటి కూరగాయలకు డేటాబేస్ ఎందుకు? నాలుగు గీతల నోట్సు చాలు.

ఇప్పటికే ఎక్సెల్‌లో జాబితా ఉన్నవారు మళ్లీ టైపు చేయనక్కర్లేదు. దాన్ని సీఎస్‌వీ ఫైలుగా దాచి నోషన్‌లోకి ఎక్కించవచ్చు. దాచేటప్పుడు ఎక్సెల్‌లో సీఎస్‌వీ అన్న పేరుతో కొన్ని రకాలు కనబడతాయి. వాటిలో పక్కన యూటీఎఫ్-8 అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. వేరేది ఎంచుకుంటే మీ తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

మరో రెండు జాగ్రత్తలు. నోషన్‌లో రాసిందంతా ఆ కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. మీరు తప్ప ఇంకెవరూ చదవలేని రకం తాళం దానికి లేదు. కాబట్టి పుస్తకాల పేర్లు రాసుకోండి, వంటల పట్టిక రాసుకోండి, ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌వర్డులు మాత్రం వద్దు. ఇంటర్నెట్ లేనిచోట కూడా పనిచేసే సదుపాయం 2025 ఆగస్టులో చేర్చారు గానీ, కావాల్సిన పేజీలను ముందే ఫోన్లోకి దింపుకుని పెట్టుకోవాలి.

రెండోది, నెలకో రెండు నెలలకో ఎక్స్‌పోర్ట్ అనేది నొక్కి మొత్తం ఒక కాపీ తీసి ఇంట్లో కంప్యూటర్లో దాచుకోండి. పట్టికలు సీఎస్‌వీ ఫైళ్లుగా, లోపలి పేజీలు మామూలు అక్షరాల ఫైళ్లుగా వస్తాయి. రేపు ఆ యాప్ ధర పెంచినా, మూతపడినా, మీకే దానిమీద మనసు విరిగినా, ఆ ఫైళ్లు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి. ఏ యాప్ మొదలుపెట్టే ముందైనా, పెట్టింది బయటికి తీసుకోవడానికి దారి ఉందా లేదా అని చూసుకోండి. లేకపోతే అందులో పెట్టకండి.

ఈ ఆదివారం ఒక్క అర తీసుకోండి, మొత్తం అల్మరా వద్దు. ఇరవై పుస్తకాలు, నాలుగు కాలమ్‌లు చాలు. ఆ ఇరవైతో వారం రోజులు వాడి చూసి, ఇబ్బంది పెట్టిన కాలమ్ తీసేసి, అప్పుడు రెండో అరకు వెళ్లండి. అలా ఎక్కించుకుంటూ పోతే, అట్ట తిప్పగానే లోపల ఇంకొకరి సంతకం ఉన్న పుస్తకాలు కొన్ని తప్పకుండా తగులుతాయి. వాటికోసం మనది కాదు అని ఒక గుర్తు గడి పెట్టుకోండి. అయితే ఆ గడిలో గుర్తు పెట్టి ఊరుకోకండి. పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లి, ఎవరిది వారికి ఇచ్చేసి రండి.